గుంజ కోసం తవ్విన గొయ్యి

లాకోట్ అక్కది ఒంటిగది ఇల్లు. ఇటుక గోడలు, పైన గడ్డి కప్పు. యుద్ధమప్పుడు సైనికులు తరలించిన శిబిరాల్లోంచి జనమంతా ఎప్పుడో ఊళ్ళకి తిరిగొచ్చేసినా, అక్క గులూ పట్నం బజారులో బట్టలు కుట్టుకుంటూ చాలాకాలం అక్కడే ఉండిపోయింది. తల్లి కర్మెలా పెద్దమ్మ మాత్రం పాత స్థలంలోనే పాక వేసుకుని ఉండేది. ఎంత బతిమాలినా పట్నం వెళ్ళలేదు. ఒయెట్ వస్తే ఇక్కడికేగదా వచ్చేది, అనేది.

ఒయెట్ ఆమె కొడుకు. బడికెళ్ళే వయసులో తిరుగుబాటువాళ్ళు అడవిలోకి ఎత్తుకుపోయారు. యుద్ధం అయిపోయింది, అలా పోయినవాళ్ళు కొందరు గడ్డాలతో, బిడ్డలతో తిరిగొచ్చారు. ఒయెట్ రాలేదు. చచ్చిపోయాడని చెప్పినవాళ్ళూ లేరు.

చివరికి అక్కే దిగొచ్చి, తల్లి పాక పక్కన ఆ గది కట్టుకుంది. కుట్టుపనికి వెలుతురు చాలడం లేదు, కిరసనాయిలు పొగకి పెద్దమ్మకి దగ్గు ఆగడం లేదు. అందుకని సోలార్ దీపాలు పెట్టమని నన్ను పిలిచింది. నా పేరు న్యెకో. వాళ్ళకి చిన్నాన్న కొడుకుని. చుట్టుపక్కల ఊళ్ళలో ఈ పనే చేసుకుని బతుకుతాను.

పొద్దున్నే సామానంతా మోటారుసైకిలుకి కట్టుకుని వెళ్ళాను. ఒక ప్యానెల్, బ్యాటరీ, మధ్యలో పెట్టే కంట్రోలర్, రెండు బల్బులు. లోపలి పని తొందరగానే తెమిలింది. బ్యాటరీని నేలకి ఆననివ్వకుండా ఇటుకల మీద పెట్టి, కంట్రోలర్‌ని గోడకి బిగించి, ముందు బ్యాటరీ తీగలు కలిపాను. చిన్న పచ్చదీపం వెలిగింది. పెద్దమ్మ వంగి చూసి, "ఇంతేనా? దీనికంటే మిణుగురు నయం," అంది. అక్క నవ్వాపుకోలేకపోయింది.

ప్యానెల్ దగ్గరే చిక్కొచ్చింది. గడ్డి కప్పు ఆ బరువు మోయదు. వాకిట్లో పెద్ద మామిడిచెట్టు ఉంది. ప్యానెల్‌కి ఒక మూల నీడ తగిలినా కరెంటు సగానికి సగం పడిపోతుంది. అటూ ఇటూ తిరిగి చూస్తే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ తగిలే చోటు ఒక్కటే కనపడింది, దొడ్డి చివర, వరసకి మాకు బాబాయి అయ్యే ఒటెమా కసావా దుంపల చేనుకి ఆనుకుని. అక్కడ గుంజ పాతుదామని గునపం తీసుకున్నాను.

మోకాలి లోతు తవ్వేసరికి రబ్బరు బూటు బయటపడింది. చెత్త అనుకుని మడమ పట్టుకుని లాగాను. ఊడొచ్చింది. లోపల్నుంచి చిన్న చిన్న ఎముకలు జలజలా నా పాదాల మీద పడ్డాయి.

అవి ఏమిటో తెలియడానికి నాకు కాస్త సేపు పట్టింది. తెలిసాక బూటు మెల్లగా కింద పెట్టాను. అక్క ఇంట్లోంచే, ఏమిటి ఆపేశావని అడిగింది. చెయ్యూపి పిలిచాను. ఆవిడ వచ్చి చూసి, గోతి అంచున అలాగే చతికిలబడింది.

ఊరిపెద్దకి కబురు పంపాం. ఆయన మనుషుల్ని తీసుకొచ్చి, మట్టిని చేతుల్తో మెల్లగా తీయించాడు. మా వైపు పొలాల్లో ఎముకలు దొరకడం కొత్త కాదు. పడినచోట పడినట్టే, చిందరవందరగా ఉంటాయి. ఇవి అలా లేవు. శరీరాన్ని చాపలో చుట్టి, కాళ్ళు చేతులు సరిచేసి, తల కింద పలకరాయి పెట్టి ఎవరో పూడ్చారు. అది చూసి ఊరిపెద్ద, ఇది మనవాళ్ళెవరో చేసిన పనే, అన్నాడు.

ఎవరూ పిలవకుండానే పెద్దమ్మ వచ్చింది. అడ్డుకోబోయిన అక్క చెయ్యి విదిలించుకుని గోతిలోకి దిగింది. ఎడమచేతి ఎముక తీసుకుని వేలితో నిమిరింది. మధ్యలో ఒకచోట ఆగింది. అక్కడ ఎముక విరిగి, వంకరగా అతుక్కుని ఉంది.

"ఈ మామిడిచెట్టు మీంచే పడ్డాడు. కట్టు కట్టింది నేనే. సరిగ్గా కట్టలేకపోయాను," అంది.

ఆవిడ ఏడవలేదు. మేమూ ఏడవలేకపోయాం. ఇన్నేళ్ళూ ఎవరికోసం రాత్రిళ్ళు తలుపు గడియ వెయ్యకుండా పడుకుందో, వాడు ఆ తలుపుకి పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నాడు.

అప్పుడు జనంలోంచి ఒటెమా బాబాయి ముందుకొచ్చాడు. టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు.

"నేనే పూడ్చాను, వదినా," అన్నాడు.

తడబడుతూనే జరిగిందంతా చెప్పుకొచ్చాడు. ఊరంతా శిబిరంలో ఉన్న రోజుల్లో, ఆకలికి ఆగలేక, సైనికుల కళ్ళుగప్పి కసావా తవ్వుకోవడానికి తన చేనికి వచ్చాడట. అడవిలోంచి తప్పించుకొచ్చిన ఒయెట్ ఈ చెట్టుకింద పడి ఉన్నాడట. పొట్టలో తూటా దెబ్బ. ఇల్లు కాలిపోయి, వాకిలి ఖాళీగా ఉంటే ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే పడుకున్నాడట. సాయంత్రానికి ప్రాణం పోయింది.

"మరి ఎందుకు చెప్పలేదు, బాబాయ్?" అక్క అరిచింది.

శిబిరంలో చెబితే తిరుగుబాటువాళ్ళతో కలిశావని సైనికులు చంపేస్తారని భయపడ్డాడట. తిరిగొచ్చాక చెబుదామని ఎన్నోసార్లు ఈ వాకిట్లోకి వచ్చాడట. "వచ్చినప్పుడల్లా నువ్వు వాడు వచ్చేస్తాడనే చెప్పేదానివి, వదినా. నా నోటితో ఎలా కాదనను?"

పెద్దమ్మ గోతిలోంచే తలెత్తి చూసింది.

"నన్ను అడిగాడా?"

"అమ్మ బతికుందా అని అడిగాడు. ఉందన్నాను."

"నీళ్ళు?"

"ఇచ్చాను. తాగాడు."

ఆవిడ ఆ ఎముకని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత, "నా పొయ్యి దగ్గర కూర్చుని నా చేతి కల్లు తాగావు, ఒటెమా. నేను వాడికి పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుతుంటే విన్నావు," అంది. గట్టిగా కూడా అనలేదు. ఆయన అక్కడే కూలబడిపోయాడు.

వంశం పెద్దలు వచ్చారు. గొర్రెని కోసి, జరపవలసినవి జరిపి, ఒయెట్‌ని వాళ్ళ నాన్న సమాధి పక్కన పేరుపెట్టి పిలిచి మరీ పూడ్చారు. ఒటెమా బాబాయి దూరంగా నిలబడి చూశాడు. పెద్దమ్మ ఆయనకేసి తిరగలేదు.

నా సామాను అక్క గదిలోనే ఉండిపోయింది. అక్క దీపాలు వద్దంది, ఆ గునపం తన కంటికి కనపడకూడదంది. నాకూ దాన్ని మళ్ళీ పట్టుకోవాలని లేదు. బ్యాటరీ ఛార్జి లేకుండా పడుంటే పాడైపోతుందని తెలిసినా ఆ మాట పైకి అనలేకపోయాను. పెద్దమ్మే కబురు పెట్టింది. నేను వెళితే మామిడిచెట్టు కొమ్మలు కొన్ని కొట్టించి సిద్ధంగా ఉంచింది.

"ఇప్పుడు ఇటు ఎండ పడుతుంది. ఇక్కడ తవ్వు," అని చూపించింది.

నేను తవ్వుతున్నంతసేపూ పక్కనే నిలబడి మట్టికేసి చూస్తూనే ఉంది. గుంజ నిలబెట్టి, వాన నీటికి దుమ్ము జారిపోయేలా ప్యానెల్‌ని కొంచెం వాల్చి బిగించాను. చీకటి పడుతుంటే అక్క స్విచ్చి నొక్కింది. గది నిండా తెల్లటి వెలుగు. పెద్దమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు దించలేదు.

కొన్నాళ్ళకి ఊళ్ళోవాళ్ళు ఫోన్లు ఛార్జి చేసుకోవడానికి అక్కడికి రావడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం నేను తీగలు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒటెమా బాబాయి ఆరిపోయిన ఫోను పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. అక్క కుట్టడం ఆపి తల్లికేసి చూసింది. పెద్దమ్మ నువ్వులు చెరుగుతోంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చేట కింద పెట్టి చెయ్యి చాచింది. ఆయన ఫోను ఇచ్చాడు. ఆవిడే లేచి లోపలికి వెళ్ళి, తీగ తగిలించి వచ్చి, మళ్ళీ చేట అందుకుంది.