తొంభై డిగ్రీల దగ్గర సున్నా

పొగగొట్టం కరిగిపోయింది. రాత్రింబగళ్లు శవాలు కాలుస్తూంటే అది మాత్రం ఎంతకాలం నిలుస్తుంది? శ్మశానంలో ఉన్న రెండు గ్యాస్ బట్టీలూ ఆగిపోయాయి. కట్టెల మీద కాల్చే చోటు ఒక్కటే మిగిలింది, బయట లైను రోడ్డెక్కింది. తెలుగువాళ్ల బస్తీ వడోద్‌లో నవత పక్కింట్లో ఉండే బక్కయ్య ఆ లైనులోనే ఉన్నాడు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి బతికినవాడు, కరోనాతో పోయి, నిన్నటి నుంచి తన వంతు కోసం పడున్నాడు.

కొత్త గొట్టం చేసే పని నవత పనిచేసే కంపెనీకే వచ్చింది. బట్టీల నుంచి వచ్చే పక్క గొట్టాలు నడిమి గొట్టానికి సరిగ్గా తొంభై డిగ్రీల్లో అతకాలి. రేకు ఏ వంపులో కోయాలో లెక్కగట్టి కాగితం మీద గీసిచ్చే పాత ప్రోగ్రాము ఒకటుంది. ఆ కాగితం రేకు మీద పరిచి, ఫిట్టర్ మొండయ్య గీత వెంబడి కోస్తాడు. ఏళ్లుగా ఇదే పద్ధతి.

ఆ ప్రోగ్రాము సైనూ కొసైనూ డిగ్రీల్లోనే అడుగుతుంది. ఆఫీసు మిషన్లోని కంపైలర్‌కు ఆ అడగడం అర్థమయ్యేది. మనం రాసిన ప్రోగ్రామును మిషన్ భాషలోకి మార్చేది అదే కదా. ఆఫీసుకు కరోనా తాళం పడింది, రేకు కోసే షెడ్డు మాత్రమే తెరిచుంది. ఇంట్లో నవత ల్యాప్‌టాప్‌లో ఉన్న ఉచిత కంపైలర్, డిగ్రీల ఫంక్షన్లు తనకు తెలియవని మొండికేసింది.

"ప్రోగ్రామింగ్ భాష స్టాండర్డులో లేనివి వాడితే అంతేనండీ," అన్నాడు ఫోనులో మేనేజరు భానుప్రకాశ్. "డిగ్రీలను రేడియన్లుగా మార్చి ఇవ్వండి. పై విలువతో, అదే 3.14తో, గుణించి నూట ఎనభైతో భాగిస్తే సరిపోతుంది. చిన్నపిల్లల లెక్క."

నవత అలాగే మార్చి పంపింది. కాసేపటికి మొండయ్య ఫోను.

"ఏంది నవతమ్మా గిది? కాగితం మీద వంపే లేదు. ఒక్క గీత నిట్టనిలువుగ పోయి కాగితం దాటిపాయె. గొట్టం చెయ్యమన్నవా, సూర్యుని దాంక నిచ్చెన ఎయ్యమన్నవా?"

నవత మళ్లీ ప్రోగ్రాము ముందు కూర్చుంది. వెతగ్గా వెతగ్గా తప్పు దొరికింది. అతుకు నిటారా, వాలా అని ప్రోగ్రాము కొసైనును చూసి తెలుసుకుంటుంది. తొంభై డిగ్రీల కొసైను సున్నా కాబట్టి, సున్నా వస్తే నిటారు. పై అనే ఆ అంకె పూర్తి విలువ ఏ మిషన్లోనూ పట్టదు కాబట్టి, రేడియన్లలోకి మార్చాక సున్నా బదులు వెంట్రుకలో వెయ్యో వంతు కూడా లేని ఏదో అంకె వచ్చింది. ప్రోగ్రాము దాన్ని వాలు గొట్టమనుకొని, ఆ పిసరు అంకెతోనే భాగించేసరికి గీత కాగితం దాటిపోయింది.

"మరి సున్నాతో పోల్చకండి," అన్నాడు భానుప్రకాశ్. "సున్నాకు దగ్గరగా ఉందా అని అడగండి."

"అట్ల పోల్చినవి ఎన్నిచోట్ల ఉన్నయో సార్, అన్నీ వెతకాలంటే రేపటిదాంక పడ్తది. నేనే డిగ్రీల ఫంక్షన్లు రాసి పెడ్త. తొంభై వస్తే సూటిగ సున్నా ఇస్తయి."

"మళ్లీ అవేనా! చూడండి నవతగారూ, ఒక కంపైలర్ వాడు ముద్దు చేశాడని వాడుకున్నాం. ఇవాళ వాడు లేకపోయేసరికి చతికిలబడ్డాం. ప్రతివాడూ తనకు తోచిన ఫంక్షన్ కలుపుకుంటూ పోతే స్టాండర్డు దేనికి?"

అందులో న్యాయం లేకపోలేదు. నవతకు ఒళ్లు మండింది కూడా అందుకే.

"అయితే డిగ్రీలవి స్టాండర్డులోనే పెట్టమనండి సార్! డ్రాయింగు డిగ్రీలల్ల ఉంటది. మొండయ్య చేతిల కోణమానిని డిగ్రీలల్లనే ఉంటది. బడిల పిల్లలకు చెప్పేది డిగ్రీలే. రేడియన్లల్ల గొట్టం కోసినోన్ని ఒక్కన్ని చూపెట్టుండ్రి. కంపైలర్ ఇయ్యకపోతే ఎవరికి వాళ్లం రాసుకుంటం, ఎవరికి వాళ్లం తొంభై కాడ బోర్లపడ్తం. గిదేనా మీ స్టాండర్డు?"

"ఆవేశపడకండి. సోమవారం ఆఫీసు తెరిస్తే పాత మిషన్ మీదే చేద్దాం."

"సోమవారందాంక శవాలు ఆగుతయా సార్?"

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

వంటింటి గడపలో నిలబడి అంతా విన్న తల్లి పద్మారాణి అంది, "బక్కయ్య పెండ్లాం పొద్దుగాల్ల సంది పచ్చి మంచినీళ్లు ముట్టలేదే. నువ్వేమో ఫోన్ల సున్నా కోసం కొట్లాడబడ్తివి."

"ఆయన కోసమే కొట్లాడుతున్ననమ్మా. జర ఊకో."

నవత ఫంక్షన్లు రాసింది. పట్టుమని పది వరుసలు లేవు. తొంభై ఇచ్చి చూసింది. సున్నా. నూట ఎనభై, రెండువందల డెబ్బై కూడా చూసింది. కాగితం మీద వంపు నిండుగా లేచింది. మేనేజరు అనుమతి అడగకుండానే మొండయ్యకు పంపింది.

మర్నాడు పొద్దున మొండయ్య ఫోను చేశాడు. గొంతులో అలుపుంది. "గొట్టం కూసున్నది బిడ్డా. బట్టీ అంటిచ్చిండ్రు. మీ బక్కయ్యది మూడో నెంబరట."

పద్మారాణి ఆ మాట విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పక్కింటికి పరుగెత్తింది.

ల్యాప్‌టాప్‌లో భానుప్రకాశ్ మెయిలు వచ్చి ఉంది. పని అయింది కనుక ఆ ఫంక్షన్లు తీసేయాలి, ఆడిట్ వాళ్లు ఒప్పుకోరు, అనుమతి లేకుండా పంపినందుకు సంజాయిషీ కూడా ఇవ్వాలి అని.

నవత కూర్చొని జవాబు రాసింది. "నేను తీయను. మీరు తీయాలనుకుంటే ముందు అవి లేకుండా తొంభై డిగ్రీల అతుకు ఒకటి నడిపి, వచ్చిన కాగితం మొండయ్యకు మీ పేరుతో పంపండి. సంజాయిషీ ఇదే." అదే మెయిలు ఒక ప్రతి, డిగ్రీల ఫంక్షన్లు మీరే ఇవ్వండని ఒక వాక్యం చేర్చి, కంపైలర్ తయారుచేసేవాళ్లకు కూడా పంపి, ముఖం కడుక్కోవడానికి లేచింది.