హౌస్‌ఫుల్ మేడం

ఆ విశ్వవిద్యాలయంలో చదువు ఎప్పుడు జరుగుతుందో చెప్పడం కష్టం గానీ, కార్యక్రమాలు మాత్రం రోజూ జరుగుతాయి. సోమవారం పొద్దున్నే ‘ఈ వారం మన క్యాంపస్‌లో’ అంటూ ఒక జాబితా అందరి ఫోన్లలోకీ వచ్చి పడుతుంది. నాయకత్వ లక్షణాల మీద వర్క్‌షాప్, ఎక్కడినుంచో వచ్చిన పెద్దమనిషి ఎందుకో చేసే ప్రసంగం, ఒత్తిడిని జయించడం ఎలా అన్న సదస్సు. ఆ సదస్సు సరిగ్గా పరీక్షల వారంలోనే పెడతారు. పిల్లలకు ఉన్న ఒత్తిడి చాలదన్నట్టు అదొకటి.

జాబితా తయారుచేసేది కార్యక్రమాల విభాగంలో పనిచేసే ఆవిడ. ఆవిడ అసలు పేరు జీతాల సెక్షన్ వాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరూ హౌస్‌ఫుల్ మేడం అంటారు. ఆవిడ చెయ్యి పడ్డాక ఖాళీగా ఉన్న హాలు లేదు. అందులో మంత్రమేమీ లేదు. కార్యక్రమానికి వచ్చిన ప్రతి విద్యార్థికీ హాజరు పాయింట్లు ఇవ్వాలన్న ఆలోచన ఆవిడదే. పాయింట్లు చాలకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. అందుకని పిల్లలు వస్తారు, గుమ్మం దగ్గర పేరు చెప్పి ఫోన్ చూపిస్తారు, ఫొటో తీసేదాకా కూర్చుంటారు, ఆ తర్వాత ఒక్కొక్కరే జారుకుంటారు. వక్త మంచినీళ్ళు తాగి తలెత్తేసరికి లేవడానికి మొహమాటపడే నలుగురు మిగులుతారు. ఈ సంగతి రిజిస్ట్రారు నుంచి హాలు ఊడ్చే ఆమె దాకా అందరికీ తెలుసు. పైవాళ్ళకు వెళ్ళేది మాత్రం ఫొటో, ఫొటోలో హాలు కిటకిటలాడుతూ ఉంటుంది.

ఆవిడ చెడ్డమనిషి కాదు. నలుగురికి సాయపడే మనిషి, చలాకీ మనిషి, మాటకారి. భర్త బ్యాంకులో పనిచేస్తాడు. పెళ్ళికి ముందు ఆయన కూడా బాగానే మాట్లాడేవాడని ఆయన అక్కగారు ఇప్పటికీ చెబుతుంటుంది. ఆవిడ ఉన్న ఇంట్లో ఇంకొకరు మాట్లాడటానికి ఖాళీ దొరకాలి కదా!

ఒక్కతే కూతురు. తల్లి పనిచేసే చోటే గణితంలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ నత్తి. మాట మొదట్లోనే అడ్డం పడుతుంది, పెదాలు బిగుసుకుంటాయి, కళ్ళు మూతలు పడతాయి. ఆ అవస్థ చూడలేక తల్లి ఆ మాటేదో తనే అందించేది. ‘మం’ అనగానే మంచినీళ్ళు ఇచ్చేది. ఒక్కోసారి పిల్ల అడగబోయింది మంచినీళ్ళు కాకపోయేది. అయినా తలూపి తాగేసేది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడం కంటే నీళ్ళు తాగడమే తేలిక. అలా ఇరవై రెండేళ్ళు వచ్చాయి ఆ పిల్లకు. ఇంటికి వచ్చిన చుట్టాలు పిల్లను అడుగుతారు, తల్లి జవాబు చెబుతుంది, పిల్ల నవ్వుతుంది. చుట్టాలేమో పిల్ల ఎంత నెమ్మదస్తురాలో అని మెచ్చుకుని వెళతారు.

అలాంటి పిల్ల ఒకరోజు తల్లి ఆఫీసుకు వచ్చి, అందరిలాగే దరఖాస్తు నింపి బల్ల మీద పెట్టింది. నత్తి ఉన్నవాళ్ళం వారానికోసారి కలుసుకుంటామని, లైబ్రరీ వెనక ఉన్న చిన్న గది కావాలని అందులో రాసింది. తనతో కలిపి వాళ్ళు ఎనిమిది మంది. లైబ్రరీలో పుస్తకాలు సర్దే అతను ఒకడు. నోరు తెరవాల్సి వస్తుందని హాస్టల్లో తనకు కావలసింది వేలితో చూపించి తెచ్చుకునే అమ్మాయి ఒకతె. సెమినార్‌లో తెలిసిన జవాబును కూడా తెలియదని చెప్పేసే పరిశోధక విద్యార్థి ఒకడు. ఒక్కొక్కరినీ ఒప్పించడానికి ఆ పిల్లకు ఈ ఏడాది తరగతులు మొదలైన దగ్గర్నుంచీ ఇన్నాళ్ళు పట్టింది. కుర్చీలు గుండ్రంగా వేసుకుంటారు. ఎవరూ ఎవరినీ తొందరపెట్టకూడదు, ఎవరి మాటా ఇంకొకరు పూర్తి చెయ్యకూడదు. నియమాలు ఆ రెండే. జాబితాలో లేని కార్యక్రమానికి గది తాళం ఇవ్వరు గనక అర్జీ పెట్టక తప్పలేదు.

“ఒ... ఒక్క లైను చాలమ్మా. ఇంకేం వద్దు,” అంది పిల్ల.

సరేనంది తల్లి. ఆ క్షణంలో నిజంగానే సరే అనుకుంది. కానీ కూతురు వెళ్ళాక ఆ కాగితం మళ్ళీ చదివింది. ఎనిమిది మంది! ముక్కూమొహం తెలియని వాళ్ళ ప్రసంగాలకు హాళ్ళు నింపిన మనిషి, కన్నకూతురు మొదటిసారి ఒక పని తలపెడితే ఎనిమిది కుర్చీలతో సరిపెట్టాలా? జాబితా చూసినవాళ్ళు ఏమనుకుంటారు? పిల్లకు ధైర్యం లేక చిన్న గది అడిగింది, అంతేనని తీర్మానించుకుంది. నిండిన హాలు కళ్ళారా చూస్తే నత్తి దానంతటదే సర్దుకుంటుందని కూడా అనుకుంది. ప్రేమతోనే అనుకుంది. ఆ ప్రేమే ఆ పిల్ల కొంప ముంచింది.

సోమవారం జాబితాలో ‘జంకు వదిలి మాట్లాడదాం’ అన్న పేరుతో వర్క్‌షాప్ వచ్చింది. స్థలం పెద్ద ఆడిటోరియం. పాయింట్లు మామూలు కంటే రెట్టింపు. మధ్యాహ్నానికల్లా సీట్లన్నీ అయిపోయాయి. పిల్ల ఆ జాబితా చూసి తల్లికి మూడుసార్లు ఫోన్ చేసింది. ఫోన్‌లో మాట బొత్తిగా పెగలదు. మూడుసార్లూ తల్లి “తెలుసులే, భయపడకు, నేనున్నాగా” అని పెట్టేసింది.

కార్యక్రమం నాడు ఆడిటోరియం ముందు వరండా దాటి మెట్ల కింద దాకా క్యూ. గుమ్మం దగ్గర ఒక వలంటీరు పేరూ నంబరూ అడిగి ఫోన్లో నొక్కుకుంటున్నాడు. క్యూలో బక్కగా ఉన్న ఒకతను తన వంతు వచ్చి నిలబడ్డాడు. పేరు చెప్పమన్నాడు వలంటీరు. అతని మెడ నరాలు ఉబ్బాయి, మాట రాలేదు. మళ్ళీ అడిగాడు వలంటీరు. వెనకనుంచి ఎవడో తనకు తోచిన పేర్లన్నీ వరసగా అందించడం మొదలుపెట్టాడు. నలుగురు నవ్వారు. త్వరగా కానివ్వమని ఇంకెవరో కసిరారు.

పక్కనే నిలబడి క్యూ నడిపిస్తున్న హౌస్‌ఫుల్ మేడానికి జాలి వేసింది. చప్పున ముందుకు వచ్చి ఒక చీటీ, పెన్ను అతని చేతిలో పెట్టింది.

“పర్వాలేదు బాబూ, చెప్పలేకపోతే రాసెయ్,” అంది. అనునయంగానే అంది.

అతను చీటీ వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. రెండూ ఆవిడ చేతిలోనే తిరిగి పెట్టేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పాపం కంగారు మనిషి అనుకుని ఆవిడ తర్వాతి వాళ్ళను పిలిచింది.

లోపల వేదిక మీద, తల్లి తెచ్చి నిలబెట్టిన చోటే, కూతురు మైకు ముందు నిలబడి ఉంది. ఆ జనంలో తన వాళ్ళ కోసం వరస వరసా వెతికింది. ఒక్కరూ లేరు. ఇక చేసేది లేక మొదలుపెట్టింది. ‘అం’ దగ్గరే ఆగిపోయింది. ఆ శబ్దం మైకులో పడి హాలంతా తిరిగింది. మొదట అందరూ ఊరుకున్నారు. తర్వాత ఫోన్లు బయటికి తీశారు. ఎక్కడో ఒక నవ్వు వినిపించి, దగ్గుగా మారింది. పిల్ల కళ్ళు మూసుకుంది. పట్టుదలగా అక్కడే ఉంది, ఆ మాటను వదల్లేదు. ఇంకొంచెం ఆగితే వచ్చేదేమో కూడా.

క్యూ అయ్యాక వచ్చి వేదిక మీద ఓ పక్కన నిలబడ్డ తల్లి ఆగలేకపోయింది. పక్కనున్న రెండో మైకు అందుకుని, “అందరికీ స్వాగతం!” అంది ఖంగున. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. అదే అదనుగా ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు. ఫొటో అయింది గనక జనం లేవడం మొదలుపెట్టారు. తల్లి వర్క్‌షాప్ ఉద్దేశాల గురించి చెబుతూనే ఉంది, కూతురు ఎప్పుడు వేదిక దిగి వెళ్ళిందో ఆవిడ గమనించలేదు.

మర్నాడు రిజిస్ట్రారు స్వయంగా పిలిచి మెచ్చుకున్నాడు. ఈ ఏడాదికి ఇదే మేటి కార్యక్రమమని, వచ్చే నెల మళ్ళీ పెట్టమని అన్నాడు. ఆ కబురు చెప్పాలని ఆవిడ ఆదరాబాదరాగా ఇంటికి వచ్చింది. కూతురు గదిలోంచి రాలేదు. చెప్పింది భర్త. ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం ఆవిడ ఎన్నో ఏళ్ళ తర్వాత వింది. ముందు రాత్రి ఆవిడ నిద్రపోయాక పిల్ల అంతా కాగితం మీద రాసి ఆయనకు చూపించిందట. తను పోగా మిగిలిన ఏడుగురిలో ముగ్గురు సీట్లు లేవన్న మెసేజ్ చూసి రానేలేదు. ఇంకో ముగ్గురు ఆ జనాన్ని దూరంనుంచే చూసి వెనక్కి మళ్ళారు. గుమ్మం దాకా వచ్చిన ఒక్కడూ లైబ్రరీ అతను. తన పేరు తను పైకి చెప్పడం కోసం నెలనుంచీ మన పిల్ల దగ్గర సాధన చేస్తున్నాడట.

“అతని చేతిలో చీటీ పెట్టావటగా,” అన్నాడాయన.

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. చేసిన తప్పు తెలిశాక దిద్దుకోకుండా ఉండలేని మనిషి గనక తెల్లారగానే లైబ్రరీకి వెళ్ళింది. అతన్ని అల్మారాల మధ్య పట్టుకుని క్షమాపణ చెప్పుకుంది. తనకు తెలియక జరిగిందని, కూతురంటే తనకెంత ప్రాణమో అని, అతను తన తమ్ముడిలాంటివాడని, ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. అతను అంతా విని, చేతిలోని పుస్తకాలు కింద పెట్టి, ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. పెదాలు ‘ప’ దగ్గర బిగుసుకున్నాయి.

“పర్వాలేదంటారు, అంతేగా? మీ మంచితనం,” అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

అతను నోరు మూసుకున్నాడు. కాసేపటికి తలూపాడు. గుండె బరువు దిగినట్టయి ఆవిడ ఆఫీసుకు వచ్చేసింది. తీరా కుర్చీలో కూర్చున్నాక గానీ ఏం చేసి వచ్చిందో తట్టలేదు. ఆ ‘ప’ తర్వాత అతను ఏమనబోయాడో ఆవిడకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. కూతురు అడిగినదానికి తలూపేది, ఫోన్లో టైపు చేసి చూపించేది. గొడవ పడితే బాగుండునని తల్లి ఎదురుచూసింది. ఆ పిల్ల గొడవకు కూడా నోరు తెరవలేదు.

క్యాంటీన్ యజమాని ఒకరోజు బిల్లుల పని మీద ఆఫీసుకు వచ్చి, మాటల్లో మాటగా “మీ అమ్మాయి బృందానికి మా సామాన్ల గది ఇచ్చానండీ, గురువారాలు కూర్చుంటున్నారు, ఏ అల్లరీ చెయ్యరు,” అన్నాడు. జాబితా లేదు, తాళం అర్జీ లేదు. ఆవిడకు కోపం రాలేదు. గంపెడాశ వచ్చింది. వెళ్ళి ఓ మూల కూర్చుని ఒక్క మాటైనా మాట్లాడకుండా వింటే, పిల్లకు తన మనసు తెలుస్తుందని అనుకుంది.

గురువారం సాయంత్రం క్యాంటీన్ వెనక్కి వెళ్ళింది. తలుపు ఓరగా వేసి ఉంది. నూనె డబ్బాలూ బస్తాలూ ఓ పక్కకు నెట్టి, కుర్చీలు గుండ్రంగా వేసుకున్నారు. లైబ్రరీ అతను మాట్లాడుతున్నాడు. ఒక మాట దగ్గర చాలాసేపు ఆగాడు. ఎవరూ కదల్లేదు, ఎవరి కళ్ళల్లోనూ జాలి లేదు. ఆవిడ తలుపు తోసుకుని ఒక అడుగు లోపలికి వేసింది. అతను ఆవిణ్ణి చూశాడు. సగంలో ఉన్న మాటను మింగేసి తల దించుకున్నాడు. హాస్టల్ అమ్మాయి చున్నీ అంచు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

కూతురు లేచి వచ్చింది. తల్లి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా గుమ్మం బయటికి తీసుకొచ్చింది.

“నేనేమీ అననే చిట్టీ. ఓ మూల కూర్చుంటా, అంతే.”

పిల్ల కళ్ళు మూసుకుంది. తల్లి రెండు పెదాలూ పళ్ళ కింద నొక్కి పట్టి ఆగింది.

“నువ్వుంటే వా... వాళ్ళు మాట్లాడరమ్మా,” అంది పిల్ల. ఇంకాస్త ఆగి, “నే... నేనూ మాట్లాడలేను,” అంది. అందులో కోపం లేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.

ఆవిడ వెళ్ళిపోదామనే అనుకుంది గానీ తలుపు పక్కనే నిలబడిపోయింది. లోపల మొదట కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత లైబ్రరీ అతని గొంతు, ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ. ఆ తర్వాత కూతురు గొంతు. ఏదో చెబుతోంది. ఆగుతోంది, మళ్ళీ చెబుతోంది, మధ్యలో తనే నవ్వుతోంది, అందరూ నవ్వుతున్నారు, మళ్ళీ మొదలుపెడుతోంది. మాటలు స్పష్టంగా వినపడటం లేదు. ఆ పిల్ల ఇంట్లో ఏనాడూ అంతసేపు మాట్లాడలేదు.