దీనమ్మ రాసిన అంకె

దీనమ్మ పోయి ఏడాది నిండిన ఆదివారం మా తెలుగు సంఘంలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. అమెరికాలో మేముండే ఈ క్యారీ ఊళ్లో మాకు సొంత గుడి లేదు. అమెరికన్లు వాళ్ల ఆరాధన ముగించుకుని వెళ్లాక ఆ హాలే మాకిస్తారు.

పాస్టర్ దైవాశీర్వాదం గారు వాక్యం చెప్పి, సాక్ష్యం చెప్పదలచినవాళ్లను రమ్మన్నారు. ఆస్పత్రిలో ఆమెతో పనిచేసిన నర్సులు ఇద్దరు మాట్లాడలేక ఏడ్చి దిగిపోయారు. తర్వాత వినయ్ కుమార్ మైకు తీసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ మనిషి. దీనమ్మను అక్క అని పిలిచి, నన్ను బావను చేసుకున్నాడు.

"అక్క లైఫ్‌లో ఒకే ఒక్క మిస్టేక్ చేసింది. అది నా కళ్లముందే చేసింది," అన్నాడు. "డ్రాగ్ స్ట్రిప్‌లో బావ ఫైనల్‌కి వచ్చాడు. అక్క కార్ అద్దం మీద రాంగ్ నంబర్ రాసింది. ట్రోఫీ ఎగిరిపోయింది. అప్పుడు బావ ఫేస్ చూడాలండీ మీరు! నెబుకద్నెజరు అగ్నిగుండం ఏడంతలు వేడెక్కినట్టు!"

హాలంతా నవ్వింది. నా కూతురు అబిగేల్ కూడా నవ్వి కళ్లు తుడుచుకుంది. తను దూరాన ప్లెయిన్స్‌బరో ఊళ్లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. ఈ కూడిక కోసం వారం సెలవు పెట్టి వచ్చింది.

నేను అప్పుడు లేవవలసింది. లేవలేదు. తప్పు అంకె రాసింది దీనమ్మ కాదు. నేను.

ఈ డ్రాగ్ స్ట్రిప్ కార్ల పందెం తెలియనివాళ్లకు చెబుతాను. తిన్నని రోడ్డు, పావు మైలు. పక్కపక్కన రెండు కార్లు. మేం ఆడే పద్ధతిలో వేగమైన కారే గెలవాలని లేదు. తన కారు ఆ పావు మైలు ఎన్ని సెకన్లలో పోతుందో ముందే అద్దం మీద రాయాలి. రెండు కార్ల అంకెలకూ ఎంత తేడా ఉంటే అంత ముందుగా నెమ్మది కారును వదులుతారు. రాసినదానికంటే సెకనులో వందో వంతు తొందరగా చేరినా ఓడినట్టే.

నాది 1969 నాటి షెవెల్ కారు. నేను పదో తరగతితో బడి మానేసి ఒంగోలు లారీ షెడ్లలో పని నేర్చుకున్నవాణ్ణి. ఆ ఇంజిన్‌ను మూడుసార్లు విప్పి బిగించాను. అమెరికాలో ఉద్యోగం వచ్చింది దీనమ్మకు. నేను ఆమె వెనక వచ్చాను. ఆ మాట ఎవరూ అనేవారు కాదు, అయినా నేను ఒక్కరోజూ మరిచిపోలేదు. స్ట్రిప్‌లో మాత్రం స్టీరింగ్ నా చేతిలో ఉండేది.

అంకె వేసేది దీనమ్మ. ప్రతి పరుగూ అయ్యాక వచ్చిన టైము, గాలి వేడి, తేమ, ఎదురుగాలి నోట్‌బుక్‌లో రాసుకునేది, ఆస్పత్రిలో రోగి చార్టు రాసినట్టు. ఆ పాత వరుసలు చూసుకుని తెల్ల బూట్ పాలిష్‌తో అద్దం మీద రాసేది. రెండేళ్లలో వందో వంతులు రెండో మూడో తప్ప తేడా రాలేదు. పక్క కార్లవాళ్లు వచ్చి ఆమెను మెచ్చుకునేవాళ్లు. నాకు గిట్టేది కాదు.

ఆరేళ్ల కిందట, అక్టోబరులో, ఆ ఫైనల్. ఎండ దిగింది. గాలి చల్లబడితే ఇంజిన్ బలం పెరుగుతుంది. దీనమ్మ 12.82 అని రాసింది.

"అంత పోదు," అన్నాను.

"పోతుందండీ. గాలి మారింది, చూడండి."

"ఇంజిన్ విప్పింది నువ్వా, నేనా?"

చొక్కా చేత్తో తుడిచేసి 12.95 రాశాను. నా ఎత్తు వేరే ఉంది. ఎక్కువ రాస్తే నన్ను ముందు వదులుతారు. చివర్లో యాక్సిలరేటర్ మీంచి కాలు కాస్త తీస్తే లెక్క సరిపోతుంది. పాలిష్ సీసా ఆమె చేతిలో పెట్టి కారెక్కాను.

చివర్లో అవతలివాడి బానెట్ నా కిటికీ దాకా వచ్చింది. కాలు తీయలేకపోయాను. బోర్డు మీద 12.83 పడింది. ఓడిపోయాను. 12.82 అని ఉంచితే ఆ తప్పు పడేది కాదు.

తిరిగి వచ్చేసరికి వినయ్, మరో పదిమంది కంచె దగ్గర నిలబడి ఉన్నారు. ఏమైందని అడిగారు. "మా ఆవిడ లెక్క," అన్నాను. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. స్ట్రిప్‌లో మైకు పట్టుకునే డేల్ అది విని, భార్య మాట వింటే ఇంతేనని అందరికీ వినిపించేలా హాస్యమాడాడు. దీనమ్మ అక్కడే ఉంది. సీసా ఇంకా ఆమె చేతిలోనే ఉంది. వేరే సాక్ష్యం ఎవరికి కావాలి?

ఆమె కాదనలేదు. తర్వాత సంఘంలో ఎవరు అడిగినా "అవును, నేనే తప్పు రాశాను," అని నవ్వేది. మళ్లీ స్ట్రిప్‌కి రాలేదు. నేను రమ్మనలేదు. ఆ తర్వాత ఐదేళ్లు బతికింది. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

కూడిక అయిన బుధవారం పాస్టర్ గారింటికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"బ్రదర్, ఆమె పోయాక కూడా ఆమె నింద మీరు మోస్తున్నారు. భార్యను ప్రేమించడమంటే ఇదే."

"మోయడం కాదండీ. నేనే రాశాను."

"ఆమె నాతోనే చెప్పారు కదా, తనే రాశానని. దీనమ్మ గారు అబద్ధమాడే మనిషా?"

ఆమె పేరు నిలబెట్టాలంటే ఆమెను అబద్ధాలకోరును చెయ్యాలి. ఆయన ప్రార్థన చేసి పంపించారు. వచ్చే ఆదివారం ప్రసంగంలో ఈ సంగతి చెబుతానన్నారు. వద్దన్నాను. అది కూడా వినయం కింద జమ వేసుకున్నారు.

శనివారం షెవెల్‌ను ట్రెయిలర్ మీద పెట్టుకుని స్ట్రిప్‌కి వెళ్లాను. అబిగేల్, వినయ్ అతని కారులో వచ్చారు. దీనమ్మ నోట్‌బుక్ తీసుకెళ్లాను. ఆ ఫైనల్ రోజు ఆఖరి వరుస ఖాళీగా ఉంది. కారు తిరిగొచ్చాకే ఆమె ఆ వరుస నింపేది. ఆ రోజు నింపలేదు. అందులో రుజువు లేదు. ఆమె పద్ధతి మాత్రం ఉంది. దాని ప్రకారమే లెక్క కట్టి 12.90 రాశాను. 12.91 వచ్చింది.

పరుగు టైము అచ్చేసి ఇచ్చిన కాగితం వినయ్ చేతిలో పెట్టాను. "చూడు. మీ అక్క లెక్క తప్పదు."

"లెక్క కరెక్టే బావా. ఆ రోజు అక్క టెన్షన్‌లో రాసింది. ఫైనల్ కదా."

"అది రాసింది నేను. ఆమె రాసింది నేను తుడిచేశాను."

అతను నా మొహంలోకి చూసి మెత్తగా నవ్వాడు. "ఊరుకో బావా. నువ్వు పైకి అలా కనిపిస్తావు గానీ, లోపల వెన్న. సండే నేను జోక్ చేసినందుకు ఫీలయ్యావా? సారీ."

"నీ సారీ నాకెందుకు? నేను చెప్పింది నమ్ము."

"నమ్మాను, నమ్మాను," అంటూ వీపు తట్టాడు. నమ్మలేదు. వాడిని అక్కడే కొట్టాలనిపించింది.

మైకు గది మెట్లెక్కి డేల్ దగ్గరికి పోయాను. ఆరేళ్ల కిందట నువ్వు మైకులో అన్నమాట వెనక్కి తీసుకో, ఆ రోజు అంకె నాది, ఇదే మైకులో చెప్పు అన్నాను. డేల్ ముసలివాడయ్యాడు. అతని భార్య కూడా పోయిందట. టోపీ తీసి పక్కన పెట్టి మైకు అందుకున్నాడు. ఇక్కడొక పెద్దమనిషి ఉన్నాడు, చనిపోయిన తన భార్య మీద ఒక్క మచ్చ కూడా ఉండకూడదని, ఆమె చేసిన పొరపాటు తన మీద వేసుకోవడానికి వచ్చాడు, అని చెప్పాడు.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల కూడా వేశారు. నేను మైకు లాక్కోబోయాను. డేల్ నన్ను కావలించుకున్నాడు.

దిగి వచ్చేటప్పుడు నలుగురు నాతో చేతులు కలిపారు. బతికి ఉండగా నేను ఆమెను ఎలా చూశానో వాళ్లెవరికీ తెలియదు.

అబిగేల్ ట్రెయిలర్‌కి ఆనుకుని నిలబడి ఉంది. అందరూ చప్పట్లు కొడుతుంటే తను చేతులు కట్టుకునే ఉంది.

"డాడీ, ఆ నంబర్ నువ్వే రాసావా? రియల్‌గా?"

"నేనే."

"కానీ మమ్మీ రాసింది అని చెప్పావు. అందరి ముందు."

"చెప్పాను."

తను నన్నే చూసింది. వాళ్లమ్మ కళ్లు కావు తనవి. నావి.

"ఐ బిలీవ్ యూ," అంది.

ఆ ఒక్క మాట కోసం వారమంతా గడపగడపకూ తిరిగాను. ఇప్పుడది వచ్చింది.

"వినయ్ అంకుల్ నమ్మడు," అంది. "అంకుల్ నువ్వు నైస్ అనుకుంటాడు. నేను నీ ఇంట్లో పెరిగాను."

నేను ట్రెయిలర్ పట్టీలు అందుకున్నాను. తను ఆగలేదు.

"ఆ రోజు ఇంటికి వచ్చేప్పుడు మమ్మీ ఏం చెప్పింది?"

"ఏమీ అనలేదు. డబ్బాలో కోడికూర, అన్నం ఉన్నాయి, తింటారా అని అడిగింది."

"తిన్నావా?"

"తిన్నాను."

"మమ్మీ?"

గుర్తు చేసుకోవాలని చూశాను. ట్రక్కు కుదుపు గుర్తుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని నేను విసుక్కోవడం గుర్తుంది. ఆమె తిన్నదో లేదో గుర్తు రాలేదు.

"తెలియదు," అన్నాను.

అబిగేల్ తలూపింది. తన బ్యాగు నా ట్రక్కులో ఉంటే తీసుకుంది. రేపటి ఫ్లైట్ ఈ సాయంత్రానికే మార్చుకుంటానని చెప్పి, వెళ్లి వినయ్ కారెక్కింది. వినయ్ కిటికీలోంచి నాకు చెయ్యి ఊపాడు.

షెవెల్‌ను ట్రెయిలర్ మీదికి ఎక్కించాను. సాయం పడతామని ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. పొమ్మన్నాను. అప్పుడు కూడా వాళ్లు నన్ను జాలిగానే చూశారు. నాలుగు చక్రాలకూ పట్టీలు బిగించుకుని ఇంటిదారి పట్టాను.