యాభయ్యో అడుగు

ముందు హనుమంతరాయుడి కాళ్ల గురించి చెప్పుకోవాలి. పెనుకొండలో ఒక బడికి అటెండరు అతను. ఒకసారి సోమందేపల్లిలో బస్సు తప్పిపోతే పరుగెత్తకుండా, ఊరికే నడిచి, అది పెనుకొండ చేరేలోపే ఎక్కేశాడట. నమ్మనివాళ్లు ఆ డ్రైవరును అడగొచ్చు. ఆ కాళ్లే అతని కొంప ముంచాయి.

బడి గేటు పక్కన కానుగచెట్టు నీడలో రామక్క నలభై ఏళ్లుగా ఉడకేసిన చెనక్కాయలు అమ్మేది. పిల్లలకు గ్లాసుతో కొలిచి పోసి, పైన గుప్పెడు కొసరు వేసేది. హనుమంతరాయుడికి మాత్రం ఒక్క కాయ కూడా కొసరు లేదు.

"ఏమప్పా కొంగకాళ్లోడా, పిల్లోళ్ల కొసరు మీద నీకేమి కన్ను? నీ పొడుగుకి కొసరేస్తే నా గంప ఖాళీ అవుతాది!" అనేది, ఇంటర్వెల్‌లో అందరూ వింటుండగా. పిల్లలు అతన్ని 'కొంగ సార్' అనడం మొదలుపెట్టారు.

అలాంటి రోజుల్లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చిప్స్ పొట్లాలు, రంగునీళ్లు, నూనెలో వేయించినవి బడి గేటుకు యాభై మీటర్ల లోపల అమ్మకూడదు. హెడ్‌మిస్ట్రెస్ హేమావతి మేడమ్ దాన్ని నోటీసుబోర్డుకు అంటించి, "నువ్వే చూసుకో హనుమంతరాయుడూ" అంది. అతను పై నాలుగు వరుసలు చదివాడు. చాలనుకున్నాడు.

చిప్స్ బండివాడు ఆ రోజే ఇంకో వీధికి పోయాడు. మిగిలింది రామక్క. హనుమంతరాయుడు గేటు దగ్గర నిలబడి, మీటరుకు అడుగు చొప్పున కొలవడం మొదలుపెట్టాడు. అడుగులా అవి? కాలువ దాటే దూకుళ్లు! యాభయ్యో దూకుడుకు కానుగచెట్టు ఎక్కడో వెనకబడిపోయింది. నీడ అన్న మాటే లేని తారురోడ్డు పక్కన సుద్దముక్కతో గీత గీశాడు.

రామక్క గంప చంకనెత్తుకుని ఆ గీతనూ, అతని కాళ్లనూ మార్చి మార్చి చూసింది.

"ఇది యాభై అంటావా?"

"యాభయ్యే. కావల్లంటే నువ్వే కొల్చుకో."

"నా కాళ్లతో కొలిస్తే వేరేగా వస్తాదిలేప్పా. నీ యాభై నీకాడే ఉండనీ."

ఏప్రిల్ దాకా ఆ ఎండలోనే కూర్చుంది. వేసవి సెలవుల్లో నాలుగు రోజులు జ్వరంతో పడుకుని కన్నుమూసింది. ఆ తర్వాత ఆ గీత దగ్గర ఎవరూ గంప దించలేదు.

జూన్‌లో బడి తెరిచిన రోజు హనుమంతరాయుడు టీ కోసం గేటు దాటాడు. కొంతదూరం పోయాక గుప్పుమంది వాసన, ఉప్పునీళ్లలో ఉడికిన చెనక్కాయలది. చుట్టూ చూస్తే మనిషి లేదు, గంప లేదు. చెప్పు కింద మెత్తగా తగిలింది ఒక తొక్క. తడిగా ఉంది. ఇంకా వేడిగా ఉంది. తనకు తెలియకుండానే అడుగులు లెక్కపెడుతున్నాడని అప్పుడు గమనించాడు. అది యాభయ్యోది.

హిందూపురం బస్టాండు గేటు దాటినా అంతే. ధర్మవరంలో మేనకోడలి పెళ్లిచీర కోసం నేతవాళ్లింటికి పోతే, వాళ్ల గడప దిగిన యాభయ్యో అడుగులోనూ అదే వాసన, అదే వేడి తొక్క. చీమలా అడుగులో అడుగేసి చూశాడు. కుడివైపు కాక ఎడమవైపు పోయి చూశాడు. ఒకరోజు పట్టపగలు నలభైతొమ్మిది దగ్గర గంటసేపు కదలకుండా నిలబడ్డాడు. అతను కదల్లేదు గాని, కాలు కదిలింది.

తిండి నోట పెడితే ఉప్పునీళ్ల రుచే. మనిషి చిక్కి, కాళ్లు ఇంకా పొడుగ్గా కనబడసాగాయి. రామక్క తనను వదలాలి. లేకపోతే బతికినన్నాళ్లూ నలభైతొమ్మిది అడుగుల్లోనే బతకాలి.

చివరికి హేమావతి మేడమ్ దగ్గర అంతా కక్కేశాడు. ఆమె నవ్వలేదు. నోటీసు దగ్గరికి తీసుకుపోయింది.

"కింది సగం చదివినావా?"

కింద అమ్మదగినవాటి పేర్లున్నాయి. పండ్లు, మొలకలు, ఉడికించిన శనగలు, ఉడికించిన వేరుశనగ, అంటే రామక్క చెనక్కాయలే.

"రామక్క తనంతట తానే దూరం జరిగిందనుకున్నా. నేనూ అడగలేదు" అంది మేడమ్, మెల్లగా.

హనుమంతరాయుడు తిన్నగా రామక్క కోడలు సుధ ఇంటికి పోయి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"గేటుకాడ మళ్లీ గంప పెట్టమ్మా. నాదే తప్పు."

సుధ ఆశ్చర్యపోలేదు. "మా అత్త చెప్పే పోయింది. కొంగకాళ్లోడు ఒగ దినం వస్తాడు, ఆ గీతకాడ్నించి గేటుదాకా గంప వాడే మోస్తే పో, లేకుంటే వద్దు అనె. రేపు ఇంటర్వెల్లుకి గీతకాడ ఉంటాలే."

మర్నాడు చూస్తే, రెండు వానలు పడినా సుద్దగీత తెల్లగా అలాగే ఉంది. హనుమంతరాయుడు చెప్పులు విడిచి, గంప నెత్తికెత్తుకుని, మామూలు మనుషుల్లా అడుగులేశాడు. తారు కాళ్లను కాల్చేస్తోంది. యాభై అయింది. గేటు ఇంకా దూరంగానే ఉంది. అక్కడినుంచి ఒక్కో అడుగుకూ గంప బరువెక్కసాగింది, ఎవరో లోపలెక్కి కూర్చున్నట్టు.

"ఇంకెంతుండాదప్పా?" అని వెనకనుంచి వినబడింది.

"అయిపోవచ్చిందిలే సుధమ్మా" అంటూ తల తిప్పాడు. వెనక ఎవరూ లేరు. సుధ ఎప్పుడో ముందుగా పోయి గేటు దగ్గర నిలబడి ఉంది.

అతను మళ్లీ వెనక్కి చూడలేదు. ఎనభైమూడో అడుగున కానుగ నీడలో గంప దించాడు. పిల్లలు మూగారు. సుధ అందరికీ పోసి, చివర్న అతని దోసిట్లో గుప్పెడు వేసింది.

"మోసుకొచ్చినోడికి కొసరెయ్యమనింది అత్త."

మొదటి కాయ ఒలిచాడు. లొట్ట, లోపల గింజే లేదు. రెండోది ఒలిచాడు. అదీ లొట్టే. పిల్లలు పకపకా నవ్వారు. సుధ ముఖం వాడిపోయింది.

"నీళ్లల్లో తేలినవన్నీ ఏరి పారేసినా సార్. లొట్ట యాడ్నించి వచ్చె?"

మూడోది ఒలవలేదు అతను. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఉడికి నానిన కాయ చప్పుడు చెయ్యదు. అది చేసింది. సన్నగా, బోసినోటి ముసలమ్మ నవ్వినట్టు.

యాభయ్యో అడుగులో వాసన ఆ రోజుతో ఆగింది. ఆ మూడో కాయ మాత్రం అతని చొక్కాజేబులో అలాగే ఉంది, ఎండలేదు, బూజు పట్టలేదు. పెనుకొండ బస్సులో పక్కన కూర్చుని అడిగితే మీ చెవి దగ్గర పెట్టి వినిపిస్తాడు. ఒలవమని మాత్రం అడక్కండి.