వండింది కాదు, తిన్నది

టీ పొడి డబ్బా మూత రాలేదు.

పద్మలత ఒకసారి కొంగుతో పట్టి తిప్పింది, ఒకసారి డబ్బాను కడుపుకు ఆనించుకుని తిప్పింది, ఇంకోసారి మూతకు మర్యాదగా చెప్పి చూసింది. రాత్రి తాను బిగించిన మూతే. పొద్దున లేవగానే పది వేళ్లూ కలిసి బంద్ పాటించడం ఇది ఏడో నెల. పిడికిలి మూద్దామంటే వేళ్లు సగం దూరం వచ్చి, కొత్త ఇంటి గుమ్మంలో మొహమాటపడే చుట్టాల్లా అక్కడే ఆగిపోతున్నాయి.

"ఇంట్లనే ఉంటవు, నీకేం నొప్పులే?" అంటూ కుమారస్వామి డబ్బా అందుకుని ఒక్క తిప్పుకు మూత తీసిచ్చాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో అతను వంటింట్లో చేసిన ఘనకార్యాల్లో అది చెప్పుకోదగ్గదే.

ఇంట్లోనే ఉంటుందన్న మాట నిజమే. కొత్తవాడలో వాళ్లది జంపఖానాల దుకాణం. మగ్గం మీది నుంచి దిగిన జంపఖానాకు రెండు కొసల్లో దారాలు జులపాల్లా వేలాడుతుంటాయి. వాటిని గుత్తులుగా కలిపి ముడులు వేస్తే తప్ప అది అమ్మకానికి పనికిరాదు. ఆ ముడులు పడేది ఈ ఇంటి హాల్లో, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా, పద్మలత వేళ్లతో. నేసినవాళ్లకు కూలి ఉంది, మోసినవాళ్లకు ఉంది. ముడులకు మాత్రం లేదు, అవి ఇంట్లో పడుతున్నాయి కాబట్టి. ఇంట్లో జరిగేదాన్ని ఎవరైనా పని అంటారా?

ఆ నెల ముడులు వదులయ్యాయని ఒకాయన రెండు జంపఖానాలు వాపసు తెచ్చాడు. అప్పుడు కనిపించాయి కుమారస్వామికి భార్య వేళ్లు. మర్నాడే హన్మకొండ దవాఖానకు తీసుకుపోయాడు.

"ఏం పని చేస్తారమ్మా?" అని డాక్టర్ దీప్తి పద్మలతను అడిగింది.

"ఏం చెయ్యది మేడం, హౌస్‌వైఫ్," అని కుమారస్వామి చెప్పాడు.

పద్మలత ఆ జవాబును మడిచి మనసులో ఒక మూల పెట్టుకుంది, ఎప్పటికైనా పనికొస్తుందని.

రక్తపరీక్షలో సీఆర్‌పీ పద్నాలుగు వచ్చింది. ఐదు లోపు ఉండాలట. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందని చెప్పింది డాక్టర్. దెబ్బ తగిలితే అక్కడ వాచి మంట పుట్టడం మంచిదేననీ, కాపలా కణాలు పరుగున వచ్చి పని చేసి వెళ్లిపోతాయనీ, పద్మలత ఒంట్లో మాత్రం దెబ్బేమీ లేకపోయినా అవి నెలల తరబడి తిష్ఠ వేసి మంచి కీళ్లనే కొరుకుతున్నాయనీ వివరించింది.

"పెండ్లికొచ్చిన చుట్టాలు పెండ్లయినంక గూడ పోనట్టు," అంది పద్మలత.

డాక్టర్ నవ్వింది. కుమారస్వామి నవ్వలేదు. అతని మేనత్త కొడుకు కిందటేడు పెళ్లికొచ్చి నాలుగు నెలలున్నాడు.

"ఇప్పుడే పట్టుకోకపోతే కీళ్లు వంకరపోతాయి. తర్వాత సరిచేయడం కష్టం. గోలీలు మానొద్దు. తిండితోనే అంతా తగ్గదు గానీ, తిండి ఎదురు తిరిగితే గోలీ ఒక్కటీ ఏం చేయలేదు. రెండు వారాలు తిన్నది తిన్నట్టు రాసి తీసుకురండి."

రాయమంది! పద్మలతకు కాకతీయ యూనివర్సిటీ బీఎస్సీ పట్టా ఉంది, బీరువాలో పట్టుచీరల కింద. ఆ రాత్రే కూతురు సింధు పాత నోట్‌బుక్కు ఒకటి అడిగి తీసుకుని కెమిస్ట్రీ రికార్డులా గీతలు గీసింది: తేదీ, వేళ, పదార్థం, పరిమాణం. పద్నాలుగు రోజులు ఒక్క గడి ఖాళీ వదలకుండా నింపి, ఈసారి ఒక్కతే వెళ్లింది.

డాక్టర్ పేజీలు తిప్పుతూ మెచ్చుకుంది. "జొన్నరొట్టె, పాలకూర పప్పు, అవిసెల పొడి, బత్తాయిలు... ఇంత మంచి తిండి నేను గూడ తినను." అంతలో చేయి ఆగింది. "గురువారం పాలకూర పప్పు మీరెంత తిన్నారు?"

"గురువారమా..." పద్మలత ఆలోచించింది. "ఆ రోజు మా సింధు రెండోసారి పెట్టుకున్నది మేడం. నేను ఎల్లిపాయ కారంతోని తిన్న."

"బుధవారం బత్తాయిలు?"

"అత్తమ్మకు రసం తీసిన."

"రొట్టె?"

"రొట్టె ఆయనకు. రాత్రి అన్నం మిగిలుండె, నేను..."

డాక్టర్ నోట్‌బుక్కు మూసి ఆమె వైపు తోసింది. "పద్మలత గారూ, ఇది మీరు వండింది. నేనడిగింది తిన్నది."

తిరుగు ఆటోలో పద్మలత గుండె దడదడలాడింది. బాధతో కాదు. మధ్యాహ్నమంతా ల్యాబులో నిలబడి, ఇక ఏమీ రాదనుకున్న క్షణాన పరీక్ష నాళికలో రంగు మారినప్పుడు ఇట్లాగే కొట్టుకునేది. ఆమె అబద్ధం రాయలేదు. అసలు వింతంతా అక్కడే ఉంది! ఆకులు ఏరింది, కడిగింది, తరిగింది, ఉప్పు చూసింది, వడ్డించింది. ఇంత చేశాక తిన్నాననే అనుకుంది. ఇరవై రెండేళ్లుగా పాలకూరతో తన సంబంధం కాడలు తుంచడం వరకేనని చేతికి తెలుసు, నోటికి తెలుసు, ఆమె ఒక్కదానికే తెలియలేదు.

కొత్త పేజీ తీసి ఈసారి నిజం రాయడం మొదలుపెట్టింది. పొద్దున చాయ్, చక్కెర రెండు చెంచాలు. సింధు డబ్బాలో విరిగి మిగిలిన బిస్కెట్లు. పదకొండుకు మళ్లీ చాయ్, ఆకలి చంపడానికి. రెండున్నరకు రాత్రి అన్నం, ఆదివారం గారెలు కాల్చిన నూనెలో తాలింపు, పారబోయడం ఎందుకని. సాయంత్రం మెత్తబడ్డ సకినాలు, అవీ పారేయడం ఎందుకనే. ఆకుకూర గడిలో సున్న. పండు గడిలో "బత్తాయి తొక్కలు ఒలిచితిని" అని రాసి, డాక్టర్ చదువుతుందని గుర్తొచ్చి కొట్టేసింది. తర్వాత, చదవనీ అని మళ్లీ రాసింది.

మళ్లీ మళ్లీ కాగిన నూనె, చక్కెర, గంటల తరబడి మాడిన కడుపు, ఆకుల జాడ లేని పళ్లెం. మంటను ఎగదోసేవన్నీ వరుసగా నిలబడి నేనంటే నేనని చేతులెత్తాయి. ఈ ఇంట్లో చెత్తబుట్ట ఎందుకంత శుభ్రంగా ఉంటుందో రెండు వారాల నోట్‌బుక్కు చూస్తే తెలిసిపోయింది.

"ఇప్పుడు రోగం దొరికింది," అంది డాక్టర్ దీప్తి అది చదివి.

"చీటీ మీద రాసియ్యుండ్రి మేడం," అంది పద్మలత. "మా ఇంట్ల నా మాటకంటె మీ అక్షరానికి ఇజ్జత్ ఎక్కువ. జర పెద్దగ రాయుండ్రి."

డాక్టర్ నవ్వు బిగబట్టి రాసింది: *భోజనం, రోజూ 12:30, వేడిగా. ఇంట్లో మిగతావాళ్లు తినకముందు.*

చీటీ ఫ్రిజ్ తలుపెక్కింది. రెండింటికి ఇంటికొచ్చిన కుమారస్వామి కడిగి బోర్లించిన భార్య పళ్లెం చూసి నిలబడిపోయాడు.

"నేను రాకముందే తిన్నవా?"

"డాక్టర్ రాసింది."

అతను ఆ చీటీని కోర్టు నోటీసులా రెండుసార్లు చదివి, చేతులు కడుక్కున్నాడు.

"మా కాలంల మొగోడు తినకుంట ముద్ద ముట్టకపోతుంటిమి," అంది అత్త భాగ్యమ్మ, మోకాళ్లు రుద్దుకుంటూ, గోడకు చెప్పినట్టు.

"మీ మోకాళ్లు ఎట్లున్నయి అత్తమ్మా?" అని అడిగింది పద్మలత, ఎంతో ప్రేమగా. భాగ్యమ్మ మోకాళ్ల మీది నుంచి చేతులు తీసేసింది.

ఆరు వారాలు గడిచాయి. రోజూ గోలీలు. రోజూ పన్నెండున్నరకు పప్పు మీది తేట కాదు, అడుగు కాదు, నడిమధ్య నుంచి గరిటె. మొదటి ముద్దకు ప్రతిసారీ దొంగతనం చేసినంత సంబరం. నలభై అయిదేళ్ల వయసులో పద్మలతకు తన వంట రుచి తెలిసింది. బాగా వండుతుంది, ఎవరూ చెప్పలేదు! ఒకరోజు పొద్దున పక్కలోనే పిడికిలి మూసి చూసుకుంది. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు... చిటికెన వేలు ఆఖరున వచ్చి చేరింది. విప్పింది, మూసింది, విప్పింది. కొత్త బొమ్మ దొరికిన పిల్లలా చాయ్ సంగతే మరిచిపోయింది.

సీఆర్‌పీ ఆరు. ఇంకా తగ్గాలి, గోలీలు నడవాలి, అంది డాక్టర్. కుమారస్వామి మాత్రం రిపోర్టు చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"నయమైంది గదా. ఇగ ఆ కాయిదం తీసెయ్. మామూలుగ తిను."

"తీస్తా," అంది పద్మలత. అప్పుడే తీసేసింది కూడా.

మర్నాడు పన్నెండున్నరకు ఫ్రిజ్ తలుపు మీద జిగురు మరకలు మాత్రమే ఉన్నాయి. పద్మలత పళ్లెం కడిగి, అన్నం పెట్టుకుని, తోటకూర వేసుకుని కూర్చుంది.

భాగ్యమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చింది. "చీటీ తీసేస్తివి గద?"

"తీసిన."

"మల్ల తినవడ్తివి?"

"ఆకలైతాంది అత్తమ్మా."

భాగ్యమ్మ ఆ జవాబులో తప్పు వెతికినట్టుంది, దొరికినట్టు లేదు. గూట్లోంచి తన పళ్లెం తెచ్చుకుని, కోడలి పక్కన కుర్చీ లాక్కుంది. ఇద్దరూ తిన్నారు. చేయి కడుక్కున్నాక భాగ్యమ్మ అడిగింది:

"ఆ బుక్కుల పేజీలు మిగిలినయా?"

"మస్తున్నయి."

"నాయి గూడ రాయి. ఆ డాక్టరమ్మకు చూపిద్దం."

పద్మలత నోట్‌బుక్కు తెచ్చి కొత్త పేజీ మీద గీతలు గీసింది. "చెప్పుండ్రి. నిన్న పొద్దుగాల ఏం తిన్నరు?"

"నిన్నటి కాడికెళ్లా?" భాగ్యమ్మ ముఖం చిన్నబోయింది. "నేను పెండ్లయిన కాడికెళ్లి అనుకున్న."

పద్మలత పేజీ వైపు చూసింది. పక్కనున్న ఖాళీ పేజీలు బొటనవేలితో లెక్కబెట్టినట్టు జారవిడిచింది. ఇంకు అయిపోవచ్చిందని పెన్ను మార్చింది. కొత్త పెన్ను మూత గట్టిగా బిగుసుకుని ఉంది. ఒక్క తిప్పుకు వచ్చేసింది.

"ఆడికెళ్లే చెప్పుండ్రి," అంది.