ముందు సీటు

తుర్సునాయ్ కారులో ముందు సీటు ఎవరిదన్న ప్రశ్న మా లోయలో ఎన్నడూ పుట్టలేదు. ఆమె మా మహిళా సంఘానికి పెద్ద. కారు ఆమెది, స్టీరింగు ఆమె చేతిలో. ఆమె పక్కన కూర్చునేది కలీపా, ఎందుకంటే షిర్దాక్‌ల మీద, అంటే మా ఉన్ని తివాచీల మీద, గీత పెట్టేది కలీపాయే. ఉన్నిని తడిపి, తొక్కి, చాపగా చేయడం అందరికీ వచ్చు. రంగు ఎవరైనా వేస్తారు, కుట్టు ఎవరైనా కుడతారు. కాని నల్ల ఉన్నిచాపను ఎర్రదానిమీద పరచి, ఎండిన సబ్బుముక్కతో పొట్టేలు కొమ్ము గీస్తే, కత్తి ఆ గీత వెంటే రెండు పొరలనూ ఒక్కసారి కోసుకుంటూ పోతుంది. ఎరుపులోంచి ఊడిన కొమ్ము నలుపులో కూర్చుంటుంది, నలుపులోంచి ఊడినది ఎరుపులో. గీత తప్పితే రెండు షిర్దాక్‌లూ పాడే. అందుచేత గీత పెట్టే చేతికి మా దగ్గర ఒక గౌరవం ఉంది. వేసవి వచ్చి, మేతకొండల మీద యాత్రికుల విడిదులు వెలిసి, కొనేవాళ్ల కోసం ఊరూరా తిరగవలసి వచ్చినప్పుడు ఆ గౌరవం కారు ముందు సీటులో కూర్చుంటుంది.

ఈ వసంతంలో తుర్సునాయ్ నగరం నుంచి ఒక పలుచని పెట్టె తెచ్చింది. అందులో కలంతో గీసే ట్యాబ్ ఉంది. దాని అంచుకు తెల్లని కలం ఒకటి అతుక్కుని ఉంది. సంఘం గదిలో అందరూ చుట్టూ మూగారు. కలీపా మాత్రం కత్తి నూరుకుంటూ మూలనే ఉండిపోయింది. తనకు ఇవ్వజూపితే ఏమని కాదనాలో ఆమె మనసులో మాటలు కూర్చుకుంటూనే ఉంది. ఆ మాటలతో అవసరం పడలేదు. తుర్సునాయ్ దాన్ని నేరుగా సాల్కిన్ చేతిలో పెట్టింది.

సాల్కిన్ కలీపాకు తోడికోడలు, మరిది భార్య. గీత నేర్చుకున్నది కలీపా దగ్గరే.

"అక్కా, ఇలా వచ్చి చూడు, ఎంత బాగుందో!" అని సాల్కిన్ పిలిచింది.

"చూశాలేవే. గాజుమీద గీతలు పిల్లులు కూడా గీస్తాయి."

"పిల్లులు చెరపలేవుగా అక్కా," అని సాల్కిన్ నవ్వి, తాను గీసిన కొమ్మును ఒక్క తాకుతో మాయం చేసింది. అందరూ నవ్వారు. కలీపా కత్తి నూరడం ఆపలేదు. అది అప్పటికే కావలసినంత పదునెక్కి ఉంది.

మొదటి ప్రయాణం రోజున సాల్కిన్ తలుపు తీసి ముందు సీటులో కూర్చుంది.

"ఏమీ అనుకోకు అక్కా. ఛార్జరు తీగ పొట్టిది, వెనక్కి అందదు."

ఏమనుకోవాలి? తీగ పొట్టిదే. కలీపా వెనక, చుట్టిన ఉన్నిచాపల నడుమ, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంది. రుమాలులో చుట్టిన సబ్బుముక్క ఒడిలో ఉంది. రాళ్ల దారిలో కారు ఎగిరెగిరి పడుతుంటే ముందు సీటులో ఆ పిల్ల గీస్తూనే ఉంది. మలుపు వచ్చినప్పుడు కలం ఎత్తేది, దారి సాఫీ కాగానే దించేది. దారి పొడవునా వృథాగా పోయే సమయాన్ని ఆమె పనిగా మార్చుకుంటున్న తీరు చూస్తూ, ఇన్నేళ్లూ ఆ సీటులో తాను కునుకు తీసిన సంగతి కలీపాకు గుర్తుకొచ్చింది. అది ఆమెకు మరీ కంటగింపుగా ఉంది.

సరస్సు ఒడ్డున విడిది నడిపే ఆవిడ టీ పోసి, నూనెలో వేయించిన బోర్సోక్‌లు పళ్లెంలో పెట్టి, "మాకు రెండు షిర్దాక్‌లు కావాలి. కొమ్ము ఇంకాస్త లావుగా, నేల నీలంగా ఉంటే ఎలా ఉంటుందో!" అంది. పూర్వమైతే కలీపా ఆ మాటలు మనసులో పెట్టుకుని ఇంటికి వచ్చి, గీసి, కోసి, మరుసటి రాకలో చూపించేది. ఆలోగా ఆవిడ మనసు ఎరుపు మీదికి పోయేది. ఇప్పుడు సాల్కిన్ ఆ గాజు పలకను మోకాలిమీద పెట్టుకుని ఒక మూల కొమ్ము గీసింది. తక్కిన మూడు మూలలా అదే కొమ్ము తనంతట తాను మొలిచింది. కలంతో ఒకచోట తాకితే నేల నీలమైంది.

"అబ్బ, ఇదే! ఇదే నేననుకున్నది!"

టీ చల్లారక ముందే ఆ బొమ్మ ఊళ్లో ఉన్న ఉర్కూయా ఫోనుకు చేరింది. ఉర్కూయా రంగు మరిగించడంలో దిట్ట, నోరు పారేసుకోవడంలో అంతకన్న దిట్ట. "నీలం ఎక్కించేశా, తొందరగా తగలడండి" అని జవాబు వచ్చింది.

విడిది ఆవిడ అప్పుడు కలీపా వైపు తిరిగి, "ఇంతకీ ఈ పెద్దావిడ ఎవరమ్మా?" అని అడిగింది.

"మా అక్క. నాకు గీత నేర్పింది ఆవిడే."

"అయ్యో, ఈ వయసులో వెనక సీటులో కుదుపులు పడుతూ వచ్చారా!"

సాల్కిన్ అబద్ధమాడి ఉంటే కలీపా బదులు చెప్పగలిగేది. నిజాన్ని ఏమనగలదు? అయినా, 'నేర్పింది' అట. పోయినవాళ్ల గురించి చెప్పుకునేటప్పుడు జనం సరిగ్గా ఇలాగే చెప్పుకుంటారు.

ఆ తరువాత ఆమె చూపు ఆ పలకను వదలలేదు. సాల్కిన్ ఆవుల కొట్టం గడపమీద గీసేది, పొయ్యిమీద పాలు పొంగేలోపు గీసేది, గడ్డి బండి మీద కూర్చుని గీసేది. ఎక్కడ చూసినా ఆ తెల్లని కలమే. కలీపా భర్త ఎసెన్ భార్య కళ్లు ఎటు తిరుగుతున్నాయో కనిపెట్టాడు.

"మరదలు పలకమీద కొమ్ములు గీస్తుంటే అవి నీ నెత్తిన మొలుస్తున్నాయేమిటే?"

"నోరు మూసుకుని సూపు తాగు."

"తాగుతాను. నువ్వు చూసిన చూపుకే ఇది మళ్లీ మరుగుతోంది."

రాజధానిలో ఎవరో హోటలు కడుతున్నారని, గదుల్లో పరిచే షిర్దాక్‌ల కోసం వాళ్ల తరఫున ఒకామె వస్తోందని తుర్సునాయ్ కబురు చెప్పింది. "నచ్చిన చేతిని తనతో తీసుకుపోతుందట. గదిగదికీ కొలత చూసి అక్కడికక్కడ గీయాలి. వెళ్లేది ఒక్కరే." ఆమె చూపు అప్పటికే సాల్కిన్ మీద నిలిచి ఉంది. కలీపా అది గమనించింది.

ఆ సాయంత్రం జల్లెడ అడగడానికి కలీపా తోడికోడలి ఇంటికి వెళ్లింది. జల్లెడ నిజంగానే కావాలి. ఆ సంగతి ఆమె తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. ఇంట్లో ఎవరూ లేరు. కిటికీ గట్టుమీద కలం ఒంటరిగా ఉంది. తన చేయి దాన్ని తీసుకోవడం కలీపా చూసింది. పెరట్లో సాల్కిన్ గొంతు వినిపించింది, నడవాలోకి వచ్చేస్తోంది. కిటికీ కింద ఏకి మెత్తబరచిన ఉన్ని నిండిన గోనె ఉంది. గడ్డికోతలు అయ్యేదాకా దాని జోలికి ఎవరూ పోరు. కలీపా మోచేతి దాకా చెయ్యి దూర్చి, కలాన్ని ఉన్ని మధ్యలో వదిలి, చెయ్యి లాగుకుంది.

"అక్కా! ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడే. జల్లెడ ఉందా?"

మరునాటి ఉదయం రాజధాని నుంచి వచ్చిన ఆవిడ, ఉన్నిచాప ఎలా తయారవుతుందో కళ్లారా చూడాలని ముచ్చట పడింది. తుర్సునాయ్ వెంటనే ఉర్కూయాను పురమాయించింది. ఏకిన ఉన్ని సిద్ధంగా ఉన్నది ఒక్క సాల్కిన్ ఇంట్లోనే. కలీపా చేరేసరికి రెల్లు తడక పరచి ఉంది. ఉర్కూయా గోనెను తలకిందులు చేసి దులుపుతోంది.

"ఆగు, నేను పరుస్తాను!"

"నువ్వు గీతలు పెట్టే దొరసానివి, ఉన్ని పరచడం నీకెందుకు? కూర్చో."

అయినా కలీపా మోకాళ్లమీద వంగి ఉన్నిని దువ్వసాగింది. తెల్లని ఉన్నిలో తెల్లని కలం! వేళ్లకు మెత్తదనమే తగులుతోంది. పొర మీద పొర పడింది. మరిగే నీళ్లు చిలకరించారు. తడకతో సహా చుట్టి, తాడు బిగించి, ఆడవాళ్లంతా వరుసగా నిలబడి కాళ్లతో తన్నడం మొదలుపెట్టారు.

"తన్నండే! మొగుణ్ణి తలచుకుని తన్నండి, చాప గట్టిగా వస్తుంది!" అని ఉర్కూయా అరిచింది. "కలీపా, నువ్వేమిటి కాలుకాలిన పిల్లిలా గెంతుతున్నావు? ఎసెన్ మరీ అంత మంచివాడా?"

అవతల సాల్కిన్ ఇల్లంతా వెతికి, ముఖం వేలాడేసుకుని వచ్చింది. "కలం కనిపించడం లేదు." రాజధాని ఆవిడ ఎదుట తన వేలితోనే గీయబోయింది. కొమ్ము ముల్లంగిలా వచ్చింది. చెరిపింది, మళ్లీ గీసింది, మళ్లీ ముల్లంగే.

తుర్సునాయ్ పెదవి కొరుక్కుని ఇటు తిరిగింది. "కలీపా, నీ సబ్బు ఉందా?"

ఉంది. ఎప్పుడూ ఉంటుంది. పాత ఎర్రచాప ఒకటి పరిచారు. కలీపా వంగి, ఊపిరి బిగబట్టి, ఒక్క గీతలో కొమ్మును మొదలుపెట్టి ముగించింది. ఆపైన రెండోది, మూడోది, నాలుగోది. ఏ కొమ్మూ తక్కినవాటి కంటే వెంట్రుక వాసి కూడా తేడాగా లేదు. రాజధాని ఆవిడ ఫోనులో ఫొటో తీసుకుని, "మీరే రావాలి. రేపు బయలుదేరదాం," అంది.

"విన్నావుగా," అంది తుర్సునాయ్. "ముందు సీటు నీదే."

ఇన్ని వారాలుగా కలీపా కోరుకున్న మాట అది. అది చెవిన పడిన క్షణంలోనే ఆడవాళ్ల కాళ్లు ఆ చుట్టను మరోసారి తన్నాయి.

తడక విప్పి, చాపను చేతులతో చుట్టి మోచేతులతో ఒత్తే వేళకు సాల్కిన్ వచ్చి కలీపా పక్కనే మోకరిల్లింది. ఒత్తుతూ ఒత్తుతూ ఒకచోట ఆమె మోచెయ్యి ఆగింది. మరోసారి ఒత్తి చూసింది. మెల్లగా తల తిప్పింది.

"అక్కా, ఇక్కడేదో గట్టిగా తగులుతోంది."

"ముల్లై ఉంటుంది," అంది కలీపా చాపమీంచి చూపు ఎత్తకుండా.

"పొడుగు ముల్లు."

"గొర్రెలు ఎక్కడెక్కడో తిరుగుతాయి."

సాల్కిన్ మళ్లీ మోచెయ్యి ఆనించి, అందరితోపాటు ఒత్తింది.

పొద్దు వాలుతుండగా తడి చాపను మడిచి భుజాన వేసుకుని సాల్కిన్ కలీపా ఇంటికి వచ్చింది. ఎసెన్ గుర్రాలకు నీళ్లు పెట్టడానికి పోయాడు. సాల్కిన్ చాపను బల్లమీద పరచింది.

"ముల్లు తియ్యి అక్కా. నేను కోస్తే ఎందుకు కోశావని ఊరంతా అడుగుతుంది. నువ్వు కోస్తే ఏ నమూనాకోసమో అనుకుంటారు."

కలీపా సబ్బు తీసుకుంది. ఆ గట్టి భాగం చుట్టూ కొమ్ము గీసింది; కత్తి దించింది. కొమ్ము ఊడి వచ్చింది. దాని పొరల మధ్య, ఒంటినిండా నూగు మొలిచిన పురుగులా, కలం ఉంది.

"ఎందుకు తీశావని అడగవేమే?"

"అడగను."

"అడుగు. అడగకపోతే మరీ మండుతోంది నాకు."

"మండనీ," అంది సాల్కిన్. కలానికి పట్టిన ఉన్నిని గోటితో గీకింది. "ముందు సీటు నీకొచ్చింది. నాకిది మిగిలిందో లేదో చూసుకోనీ."

అది పనిచేయకూడదని కలీపా మనసారా కోరుకుంది. దొంగతనం బయటపడిన తరువాత కూడా ఆ కోరిక సిగ్గు లేకుండా అలాగే నిలబడి ఉండడం చూసి ఆమెకే ఆశ్చర్యం కలిగింది. సాల్కిన్ పలక తెరిచి కలం ఆనించింది. గీత పడింది.

"బ్యాటరీ లేని కలం. నీళ్లు దీన్నేం చేస్తాయి?" అని సాల్కిన్ నిట్టూర్చింది. అలవాటుగా ఒక మూల కొమ్ము గీసింది. నాలుగు మూలలా నాలుగు కొమ్ములు మొలిచాయి.

కలీపా అంత దగ్గరగా దాన్ని చూడడం అదే మొదటిసారి. కొమ్ము మెడ దగ్గర వంపు కాస్త బిగుసుకుపోయింది. నాలుగింటిలోనూ అదే లోపం. అక్కడ మణికట్టు వదులు చేయాలి. ఆ ఒక్క వంపు సరిచేస్తే నాలుగూ ఒకేసారి సరవుతాయి. ఆమె వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. సాల్కిన్ పలక మూసి, చాప మడిచి, గుమ్మం దాటింది. కత్తిరించిన కొమ్ము బల్లమీదే ఉండిపోయింది.

మరునాడు కలీపా ముందు సీటులో కూర్చుంది. రాజధాని ఆవిడ కారు ముందు పోతోంది. సాల్కిన్ దారిలో సరస్సు దగ్గర దిగి, విడిది వాళ్ల పని చూసుకోవాలి. అందుకని వెనక, ఉన్నిచాపల మధ్య సర్దుకుంది. తుర్సునాయ్ హుషారుగా ఉంది. "నీ సీటు నీకొచ్చింది. కునుకు తీస్తావా?"

కలీపాకు కునుకు రాలేదు. వెనక గాజుమీద కలం టకటకమంటోంది. ఆగుతోంది, మళ్లీ టకటకమంటోంది. ఆ పిల్ల ఆ వంపును మళ్లీ బిగించేస్తోందేమో! కలీపా తల తిప్పింది. చాపలు అడ్డు. అద్దంలోకి చూసింది, సాల్కిన్ వంచిన తల మాత్రమే కనిపించింది. మెడ నొప్పి పుట్టే దాకా తిప్పింది, చివరికి కనుమ ఎక్కుతుండగా ఇక ఆగలేకపోయింది.

"కారాపు."

"ఏమైంది? వాంతి వస్తోందా?"

"ఆపమన్నానా!"

కారు ఆగింది. కలీపా దిగి, వెనక తలుపు తెరిచి, ఒక చాపను ఎత్తి ముందు సీటులో పడేసింది.

"అటు జరుగు."

"అక్కా, ఇక్కడ చోటెక్కడిది?"

"జరగమన్నానా. ఛార్జి ఉందా దానికి?"

"నిండా పెట్టుకునే వచ్చాను."

ఇద్దరూ భుజాలు ఒరుసుకుంటూ ఇరుక్కున్నారు. కలీపా చెయ్యి చాపింది. సాల్కిన్ కలం వెంటనే ఇవ్వలేదు. ఆ చేతి వంక, సబ్బు పట్టీ పట్టీ కాయ కాసిన ఆ బొటనవేలి వంక, కొంతసేపు చూసింది. నిన్నటి ఎర్రచాపమీద ఒక్క ఊపిరిలో పడిన నాలుగు కొమ్ములు ఆమె కళ్లలో మెదులుతున్నాయని కలీపాకు తెలిసిపోయింది. ఆ చూపును కలీపా గుర్తుపట్టకుండా ఉండడం ఎలా? ఇన్ని వారాలుగా అది తన చూపే. ఇప్పుడు అది ఎదుటివాళ్ల ముఖంలో ఉంది. ఆమెకు ప్రాణం లేచివచ్చినట్టయింది.

"ఇస్తావా, ఇవ్వవా?"

"ఇస్తాను. కాని ఆ మెడ వంపు నాకు చూపించి గీయాలి. నాకు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకోకూడదు."

"చూద్దాంలే," అని కలీపా కలాన్ని లాక్కుని, పలకను తన మోకాలి మీదికి జరుపుకుంది, వీలైనంత మేరకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ.

తుర్సునాయ్ తన పక్కన ఠీవిగా నిటారుగా కూర్చున్న ఉన్నిచాపను చూసింది. "బాగుంది. నేనిక దీన్ని తిప్పుకుంటూ పోవాలన్నమాట!" అని గేరు వేసింది.