దారం ఎక్కించని మిషన్

తనిఖీకి వచ్చిన ఆవిడ గదిలో అడుగు పెట్టేసరికి నేను కుట్టుమిషన్ ముందే కూర్చుని ఉన్నాను. తొక్కుతున్నాను కూడా. లేచి నిలబడాలనిగానీ, పక్కకి తప్పుకోవాలనిగానీ తోచలేదు.

"ఎదురుగా ఆవిడ నిలబడి ఉంటే ఇంకా తొక్కుతావేంటే!" అంది అత్తయ్య.

"పాప ఇప్పుడే నిద్రలోకి జారిందత్తయ్యా," అన్నాను.

నేను ఇంట్లో కర్టెన్లు కుట్టి అమ్ముతాను. నాలా సొంతపని చేసుకునేవాళ్లకి కూడా కాన్పయ్యాక కొన్ని నెలలు ప్రభుత్వం భత్యం ఇస్తుంది. ఆ నెలల్లో పని చేయకూడదన్నది షరతు. మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడ్డాక మా ఇల్లు ఆ భత్యం మీదే నడుస్తోంది. రోజూ పొద్దున్నే కాగితాలు పట్టుకుని పని వెతుక్కుంటూ వెళ్తాడు. పోయిన వారం ఆ భత్యం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా ఇంట్లోంచి రోజూ మిషన్ చప్పుడు వస్తోందని ఎవరో చెప్పారట. పని చేస్తున్నట్టు తేలితే భత్యం ఆగిపోతుందట. ఆగిపోతే మళ్లీ ఆర్డర్లు తీసుకోవాలి. పొట్ట కోసి వేసిన కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. భయపడాల్సిన ఉత్తరమే. చదివి, మడిచి, కత్తెర కింద పెట్టాను.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. మనిషి దుడుకుగా లేదు. ఫైలు తెరిచి, "చెప్పండమ్మా. ఏం కుడుతున్నారు?" అంది.

"ఏమీ కుట్టడం లేదు."

"నా కళ్లముందే తొక్కుతున్నారు కదా?"

అత్తయ్య ఇక ఆగలేకపోయింది. "పాప కోసం తల్లీ! కడుపులో తొమ్మిది నెలలూ ఈ చప్పుడే విన్నది. ఇది ఆగితే నిద్రపోదు. అలవాటంటే అంతే. మావాడు కడుపులో ఉన్నప్పుడు నేను పిండిమరలో పనిచేశాను. వాడిప్పుడు ఆ మర లాగే గురక పెడతాడు, కావాలంటే మా కోడల్ని అడుగు!"

ఆవిడ పెదవి చివర నవ్వు వచ్చి పోయింది. "పోనీ, కాసేపు మీరు తొక్కొచ్చుగా?"

"తొక్కలేదనుకున్నావా? నా తొక్కుడు తేడా కనిపెట్టేస్తుంది గడుగ్గాయి!"

"ఒక్కసారి ఆపండమ్మా," అంది ఆవిడ నాతో.

ఆపాను. గది నిశ్శబ్దమైపోయింది. ఊయలలో ముందు ఒక మూలుగు, తర్వాత ఏడుపు. ఆ ఏడుపు నాకు పక్కవాటాలోంచి వస్తున్నట్టు వినిపించింది. ఈ ఏడు వారాలుగా అన్నీ అలాగే వినిపిస్తున్నాయి. ఆవిడ వంగి సూది కంట్లోకి చూసింది. దారం లేదు. కింద డబ్బీలో దారపు కండె కూడా లేదు. సూది కింద ఉన్న గుడ్డ లాగి కిటికీ వైపు పట్టుకుంది. పాత దిండుగలీబు ముక్క. నిండా చిల్లులే, వరస పక్కన వరస, జల్లెడలా.

"ఇదెందుకు?"

"గుడ్డ లేకుండా తొక్కితే మిషన్ పళ్లు అరిగిపోతాయి. గుడ్డని నొక్కే పాదం ఎత్తేస్తే చప్పుడు మారిపోతుంది."

పాప గొంతు చించుకుంటోంది. అత్తయ్య ఎత్తుకుని భుజాన వేసుకున్నా ఆగలేదు. ఆవిడ లేచి అలమార దగ్గరికి వెళ్లింది. అందులో సగం కుట్టిన నీలం కర్టెన్ ఉంది. "మరి ఇది?"

"ఎవరో అడిగిందే. అంచు మడుస్తుంటే నొప్పులొచ్చాయి. అక్కడే ఆపాను."

అత్తయ్య ముఖం పాలిపోయింది. ఆ కర్టెన్ సంగతి మా ఇద్దరికీ గుర్తు లేదు. ఆవిడ మడత విప్పి అంచు వెంబడి వేలితో తడుముతూ వెళ్లి, కుట్టు ఆగినచోట ఆగింది. నొప్పులొచ్చిన రోజు నేను గుచ్చిన గుండుసూది అక్కడే ఉంది. దాని చుట్టూ తుప్పు మరక చిన్న పైసంత పరుచుకుంది. సూది తీయబోతే బట్టకి అంటుకుని రాలేదు.

"ఈ మరక ఇక పోదమ్మా," అంది.

"పోదండి."

ఆవిడ తిరిగొచ్చి కూర్చుని కాగితం మీద పైనుంచి కిందదాకా వేలు పోనిచ్చింది. "దీనికి ఇందులో గడి లేదు," అని తనలో తనే గొణుక్కుని, పక్కన ఖాళీ ఉన్నచోట రాసింది. సంతకం కోసం కాగితం నావైపు తిప్పితే చదివాను. 'మిషన్ నడుస్తోంది. పని జరగడం లేదు. భత్యం కొనసాగించవచ్చు.'

సంతకం పెట్టాను. గుడ్డ మళ్లీ సూది కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టాను. ఇరవై ముప్పై తొక్కులకి పాప ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. ఆవిడ ఫైలు మూసి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది.

"మీరెప్పుడు నిద్రపోతారమ్మా?"

నేను తొక్కుతూనే ఉన్నాను. అత్తయ్య పాపని ఊయలలో వేసింది. ఆవిడ వెళ్లిపోయింది.

"గండం గడిచిందే!" అని అత్తయ్య నా తల నిమిరింది. ఆ చెయ్యి బరువు తెలిసింది, అంతే. గుడ్డ చివరికి వచ్చేసింది. అటు తిప్పి మళ్లీ మొదటినుంచి పెట్టాను.